అందరి అత్తయ్య

తెలుగులో చుట్టరికాల మాటలన్నిటిలోనూ ఎక్కువ అపకీర్తి మోసినది 'అత్త' అనే మాట. సామెతల పుస్తకం ఏది తెరిచి చూసినా అత్తగారికి ఒక ప్రకరణం ఉంటుంది; అందులో ఆవిడ గెలిచిన సామెత మాత్రం కనబడదు. వాటిలో "అత్త మీది కోపం దుత్త మీద" అన్నది అందరికీ తెలిసినదే. కోడలు అత్తగారిని ఏమీ అనలేదు. దుత్త కోడలిని ఏమీ అనలేదు. అందుచేత పగిలేది దుత్త. ఈ సామెత చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లలు నవ్వుతారు, వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను.

కాని దుత్త ఉన్నచోట ఒక ఎద్దును నిలబెట్టి చూడండి. షావుకారు కిరాయి తగ్గించి ఇచ్చాడు. బండివాడు షావుకారును ఏమీ అనలేడు. చర్నాకోల మాత్రం చేతిలోనే ఉన్నది. అప్పుడు ఆ సామెతకు నవ్వు రాదు.

ఇలా ఎందుకు మొదలుపెట్టానంటే, ఇప్పుడు నేను తలచుకోబోయే మనిషి కూడా ఒక అత్తయ్యే. కోడళ్లను సాధించే అత్త కాదు. పండక్కి వస్తూ మేనల్లుళ్లకూ మేనకోడళ్లకూ ఒడినిండా తినుబండారాలు తెచ్చే మేనత్త. తమిళంలో మేనత్తను 'అత్తై' అంటారు. మద్రాసులో అడయారు నది ఒడ్డున, ఆ తరవాత తిరువాన్మియూరు ఇసుక నేలలో, సుమారు యాభై ఏళ్లపాటు వందలాది పిల్లలకు ఒకే ఒక అత్తై ఉండేవారు. సొంత అన్నదమ్ముల బిడ్డలు పిలిచిన పిలుపే ఊరంతటికీ పిలుపయింది. ఆమె శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్.

పేరు వినగానే మీకు భరతనాట్యం గుర్తుకు వస్తుంది. రావడం న్యాయమే. అయితే ఈ దేశంలో గొడ్డును బాదితే నేరం, పిట్టను ఇరుకు పంజరంలో కుక్కితే నేరం అని ఇప్పుడున్న చట్టానికి మూలకారణం ఆవిడేనని ఎందరికి తెలుసు? తెలుగు ఎం.ఏ. చదివి, పిల్లలకు నాట్యశాస్త్రం గురించి నాలుగు ముక్కలు చెప్పి బతుకుతున్న నాకే చాలా కాలం తెలియదు.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29వ తేదీన మదురైలో పుట్టారు. నాలుగేళ్లకొకసారి వచ్చే పుట్టినరోజు. తండ్రి నీలకంఠశాస్త్రిగారు పబ్లిక్ వర్క్స్ శాఖలో ఇంజనీరు, సంస్కృతం బాగా చదువుకున్నవారు. ఇంజనీరుగారి కొలువంటే తరచు బదిలీలే కనుక పిల్లలు ఊరూరా తిరుగుతూ పెరిగారు. తల్లి శేషమ్మాళ్ తిరువయ్యారు ఆడపడుచు. తిరువయ్యారు అంటే మన త్యాగరాజస్వామి నడయాడిన ఊరు. తమిళ గడ్డ మీద తెలుగు కీర్తన పుట్టి పెరిగిన ఆ ఊరి గాలి పీల్చిన తల్లికి సంగీతం మీద ప్రాణం. ఆ ప్రాణమే కూతురికి వచ్చింది.

నీలకంఠశాస్త్రిగారు దివ్యజ్ఞాన సమాజంలో చేరి, ఉద్యోగ విరమణ తరవాత సంసారాన్ని అడయారుకు మార్చారు. అప్పుడు అక్కడ అనీబిసెంటమ్మ రోజులు. సమాజంవారు శాకాహారులు, జీవహింస కూడదనేవారు. జంతువులను బతికుండగా కోసి చేసే ప్రయోగాలంటే బిసెంటమ్మకు గిట్టదు. పెద్ద పెద్ద చెట్లు, నది, సముద్రం, పక్షులు, వాటి మధ్య దేశదేశాల మనుషులు. ఆ తోటలో పెరిగిన పిల్లకు మనిషి ప్రాణమూ పిట్ట ప్రాణమూ ఒకే కొలతన కనిపించాయంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అన్నగారు శ్రీరామ్ తరవాతి కాలంలో, 1953 నుంచి 1973 వరకు, ఆ సమాజానికే అధ్యక్షులుగా ఉన్నారు.

పదహారో ఏట, 1920లో, ఆమె డాక్టర్ జార్జి అరండేల్‌ను పెళ్లాడారు. ఆయన ఇంగ్లీషువారు, కాశీలో బిసెంటమ్మ పెట్టిన సెంట్రల్ హిందూ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినవారు, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారికి చిన్నతనంలో చదువు చెప్పినవారు. వయసులో ఆమెకన్న సుమారు పాతికేళ్లు పెద్ద. బ్రాహ్మణ పిల్ల తెల్లదొరను చేసుకున్నదని మద్రాసు అట్టుడికిపోయింది. ఆ రోజుల్లో మన ఇళ్లలో ఇటువంటి పెళ్లి జరిగితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఊహించనక్కరలేదు, చూడవచ్చు. వయసుల తేడా సంగతి తలచుకుంటే నాకూ మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది, దాచుకోను. కాని ఆ దంపతులు 1945లో ఆయన పోయేదాకా ఒకరికొకరు నీడగా బతికారు. ఆయన పోయేనాటికి ఆమెకు నలభై ఒక్క ఏళ్లు. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట లేదు. ఆయన ఇంటిపేరు కడదాకా ఆమె పేరు వెంటే ఉన్నది.

నాట్యం కథ అందరికీ తెలిసినదే గనుక త్వరగా ముగిస్తాను. రష్యా నర్తకి అన్నా పావ్లోవాతో స్నేహం కలిసింది. ఇద్దరూ ఒకే ఓడలో ఆస్ట్రేలియా వెళ్లారు. మీ దేశపు కళ ఏదో మీరు వెతుక్కోండని పావ్లోవా చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుంది. (ఈ పావ్లోవా కూడా లండనులో తన ఇంట్లో హంసలను పెంచుకున్న మనిషి. స్నేహం నాట్యం దగ్గరే ఆగి ఉండదు.) మైలాపూరు గౌరి అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లైగారి దగ్గర నేర్చుకుని, 1935 డిసెంబరులో అడయారులో తొలి ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడు కళాక్షేత్రం పుట్టింది. దేవదాసీల చేతిలో బతికిన కళను తీసుకుని, శృంగారం తగ్గించి, పై కులాల ఇళ్లకు తగినట్టు మలిచారన్న విమర్శ ఆమె మీద ఉన్నది. తంజావూరు బాలసరస్వతిగారి వంటి మహానర్తకి ఆ మార్పును ఒప్పుకోలేదు. ఆ వాదంలో బాలసరస్వతిగారి వైపు న్యాయం చాలా ఉన్నదని నా అభిప్రాయం. తెలుగువాళ్లం మనం మాత్రం ఒక సంగతికి కృతజ్ఞత చెప్పుకోవాలి. మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారు తెలుగులో రాసిన భాగవతమేళ నాటకాలు, ఉషాపరిణయం, రుక్మాంగద చరిత్రము వంటివి, కళాక్షేత్రం రంగస్థలం మీద ఆడాయి. మనం మరచిపోయిన తెలుగును తమిళ పిల్లలు అక్కడ కంఠతా పట్టి పాడారు.

ఇక కళాక్షేత్రం సంసారం సంగతి. అది పాఠశాల అనేకన్న ఉమ్మడి కుటుంబం అనడం సబబు. దివ్యజ్ఞాన సమాజపు ఆవరణ వదిలి రావలసి వచ్చినప్పుడు తిరువాన్మియూరులో ఇసుక నేల కొని, చెట్లు నాటి, కుటీరాలు కట్టి అక్కడ కాపురం పెట్టారు. ఎవరిని పడితే వారిని ఆదుకోవడం ఆ ఇంటి ఆచారం. తాటాకుల నుంచి తమిళ సంగ సాహిత్యాన్ని వెలికితీసిన ఉ.వే. స్వామినాథయ్యరుగారు పోయిన మరుసటి సంవత్సరం, 1943లో, వారి తాళపత్రాలకు నీడ చూపించి గ్రంథాలయం పెట్టించినవారు రుక్మిణీదేవే. మరియా మాంటిసోరీ 1939లో మన దేశానికి వచ్చి, యుద్ధం వల్ల కదలలేక అడయారులోనే ఉండిపోతే, ఆ పిల్లల చదువు పద్ధతి మన దేశంలో పాతుకోవడానికి అరండేల్ దంపతులు అండగా నిలిచారు. నేతగాళ్ల మగ్గాలు మూలపడుతున్న రోజుల్లో మగ్గాలు పెట్టించారు. మన కలంకారీ అద్దకానికీ ఆ ఆవరణలో చోటు దొరికింది. వయసు మీరిన సంగీత విద్వాంసులను పిలిచి, గౌరవంగా పాఠాలు చెప్పించుకున్నారు.

ఇంతవరకు చెప్పినది మన ఇళ్లలో పెద్ద ముత్తైదువలు చిన్న ఎత్తున చేసే పనే. మా నాయనమ్మ అలాంటిదే. పొద్దున్నే మొదటి ముద్ద కాకికి పెట్టేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పోసి గేదెకు తాగించందే తాను కాఫీ తాగేది కాదు. వీధిలో ఈనిన కుక్కకు బాలింతరాలని పేరు పెట్టి, పదకొండు రోజులు పాలన్నం పెట్టింది. తాతయ్య విసుక్కుంటే, "మీరు పురిటి మంచం మీద ఉంటే తెలిసేది" అన్నది. అయితే అదే నాయనమ్మ, మా కాలవ వంతెన ఎక్కలేక ఇటుకల బండి ఎద్దు ముందుకాళ్లు మడుచుకుని కూలబడిపోయి, బండివాడు దాని తోక మెలిపెడుతుంటే, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. "చెప్పొచ్చుగా నాయనమ్మా" అని అడిగాను. "వాడి గొడ్డు, వాడిష్టం. మనమేం చెప్తాంరా" అన్నది.

ఆ మాట దగ్గరే మన దయ ఆగిపోతుంది. మన గొడ్డు అయితే బిడ్డ. పరాయి గొడ్డు అయితే వాడిష్టం. రుక్మిణీదేవి చేసినది ఆ గీత దాటడం. గొడ్డు ఎవడిదైనా సరే, దెబ్బ మాత్రం వాడిష్టం కాదని ఆమె అన్నారు. అనడానికి ఎంచుకున్న చోటు ఢిల్లీ.

1952లో రాజ్యసభ మొదటిసారి ఏర్పడినప్పుడు రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యులలో ఆమె ఒకరు. నాట్యకారిణి గనుక కళల గురించి మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. 1953లో ఆమె తెచ్చిన బిల్లు జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించడం గురించి. అప్పటికి అమలులో ఉన్న చట్టం 1890 నాటిది. అందులో జంతువు అంటే పెంపుడు జంతువో పట్టి బంధించిన జంతువో మాత్రమే. అరవై ఏళ్లనాటి ఆ దొరల చట్టం, దేశం స్వతంత్రమైన తరవాత కూడా ఎద్దుకు అదే గతి.

ఇక్కడ పార్లమెంటు పద్ధతి ఒకటి చెప్పాలి. మంత్రి కాని సభ్యులు తెచ్చే బిల్లును ప్రైవేటు సభ్యుల బిల్లు అంటారు. అటువంటి బిల్లులు వందలు వస్తాయి, పోతాయి. స్వతంత్ర భారతదేశంలో చట్టాలైనవి మొత్తం పద్నాలుగే. 1970 తరవాత ఒక్కటీ లేదు. రుక్మిణీదేవి బిల్లు చర్చకు వచ్చినప్పుడు ప్రధాని నెహ్రూగారే కలగజేసుకుని, ఈ సంగతి ప్రభుత్వం పరిశీలించి తానే సమగ్రమైన బిల్లు తెస్తుందని హామీ ఇచ్చారు. ఆమె తన బిల్లు వెనక్కు తీసుకున్నారు. పేరు కావాలనుకునే మనిషి అయితే పట్టుపట్టేవారు, బిల్లు ఓడిపోయేది, పత్రికలలో మర్నాడు నాలుగు కాలములు వచ్చేవి. ఆమెకు చట్టం కావాలి. విచారణ సంఘం వేశారు, నివేదిక వచ్చింది, ఏళ్లు గడిచాయి. చివరకు 1960 డిసెంబరు 26న చట్టం అయింది. ఆ సంవత్సరం చేసిన చట్టాలలో అది యాభై తొమ్మిదవది.

ఆ చట్టం పదకొండవ సెక్షను ఒకసారి చదవండి. నేను చదివినప్పుడు, చట్టం చదువుతున్నట్టు లేదు, మా ఊరి సంత వీధిలో నడుస్తున్నట్టు అనిపించింది. కొట్టడం, తన్నడం, మోయలేని బరువు వేయడం, జబ్బుపడినదాన్ని, పుండుపడినదాన్ని, ముసలిదైపోయినదాన్ని కాడికి కట్టడం, కదలడానికి చోటు లేని పంజరంలో పెట్టడం, బరువైన గొలుసుతోనో మరీ పొట్టి గొలుసుతోనో గంటల తరబడి కట్టివేయడం, తిండి నీళ్లు పెట్టకపోవడం, పనికిరాదని రోడ్డు మీద వదిలేయడం, వినోదం కోసం ఒకదానితో ఒకటి కొట్లాడించడం. అన్నీ మనం చూసినవే. పశువు చేత ఎక్కువ పాలు చేపించడానికి గాలి ఊదే 'ఫూకా' అనే ఘోరానికి వేరే సెక్షను పెట్టి, జైలు శిక్ష కూడా రాశారు. అన్నిటికన్న పెద్ద మార్పు నిర్వచనంలో వచ్చింది: మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే. కాకి, కప్ప, కాలవలోని చేప, అన్నీ వచ్చి చేరాయి.

ఆ చట్టం కింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. ప్రపంచంలో ప్రభుత్వం పెట్టిన అటువంటి మండళ్లలో అది తొలివాటిలో ఒకటి. దానికి మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవే. 1986లో కన్ను మూసేదాకా ఆ పని ఆమెదే. దేశ రాజధానిలో ఉండవలసిన కార్యాలయం ఆమె కోసం మద్రాసులో ఉన్నది. ఆమె తరవాత కూడా మూడు దశాబ్దాలు అక్కడే ఉండి, 2018 ప్రాంతంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది. ఉదయం నాట్యం, మధ్యాహ్నం దున్నపోతుల ఫిర్యాదులు. ఆమెకు రెండూ ఒక పనే అయివుండాలి.

ఆమె కోరినదంతా చట్టంలోకి వచ్చిందనుకుంటే పొరపాటు. మత ఆచారం కోరిన పద్ధతిలో జంతువును చంపితే ఈ చట్టం కింద నేరం కాదని ఇరవై ఎనిమిదవ సెక్షను చెబుతుంది. శాస్త్ర ప్రయోగాలకూ అనుమతి ఉన్నది, పైన ఒక కమిటీ కాపలాతో. ఆ రోజుల్లో పోలియో టీకా తయారు చేయడానికి రీసస్ కోతుల మూత్రపిండాల కణాలు కావలసి వచ్చి, మన దేశం నుంచి వేలకు వేలు కోతులు బోనులలో విదేశాలకు వెళ్లేవి. 1978లో గాని ఆ ఎగుమతి పూర్తిగా ఆగలేదు. రుక్మిణీదేవి మనసు ఎటు ఉన్నదో చెప్పనక్కరలేదు. ఇక్కడ మాత్రం నేను తడబడతాను. చిన్నతనంలో పోలియో చుక్కలు వేయించుకుని రెండు కాళ్ల మీద నిలబడినవాళ్లలో నేనూ ఒకరిని. ఆ కాళ్ల అప్పు ఎవరికి ఉన్నదో తెలిసిన తరవాత నోరు పెద్దది చేసుకుని మాట్లాడలేను.

ఇప్పుడు యాభై రూపాయల సంగతి. పదకొండవ సెక్షను కింద మొదటిసారి తప్పు చేసినవాడికి జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. 1960లో యాభై రూపాయలంటే బండివాడికి గుండె ఝల్లుమనే మాట. ఆ తరవాత రూపాయి చిక్కిపోయింది, యాభై మాత్రం యాభైగానే ఉండిపోయింది. దానిని పెంచాలని 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక సవరణ ముసాయిదా తయారుచేసి ప్రజల అభిప్రాయం అడిగింది. అంటే అరవై రెండేళ్లపాటు ఎద్దు వెన్ను విరగ్గొట్టినా, కుక్కను గొలుసుకు కట్టి ఎండబెట్టినా, తొలి తప్పుకు వెల యాభైయే.

ఆ యాభైని నేను ఒకసారి చేతితో పట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట సంక్రాంతి సెలవులకు గోదావరి జిల్లాలో మా బంధువుల ఊరు వెళ్లాను. అల్లుడుగారి మర్యాదలాగే లెక్చరరుగారి మర్యాద అని, కోడిపందేలకు తీసుకువెళ్లారు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఈ పందేలు జరగనీయవద్దని ఆదేశించింది. 1974 నాటి జూదం చట్టం ఉన్నది, రుక్మిణీదేవి చట్టం ఉన్నది. బరి చుట్టూ పందిళ్లు, మైకు, పిల్లాపాపలతో తిరణాలలా ఉన్నది. పుంజు కాలికి కత్తి కడుతున్నవాడి పనితనం చూసి నేను మైమరచాను, అబద్ధం ఆడను. దారం చుట్టే తీరు, కత్తి మొన సరిచూసే తీరు, పుంజును గుండెకు హత్తుకుని దాని ముఖం మీద నీళ్లు చిలకరించే తీరు. కన్నబిడ్డకు కూడా అంత ముద్దుగా స్నానం చేయించరు. రెండు నిమిషాలు గడవకముందే ఆ పుంజు ఇసుకలో మెడ వాల్చింది. మా బంధువుల పిల్లవాడు, ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, "ఇది నేరమట కదా మాస్టారూ, మా సివిక్స్ సారు చెప్పారు" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. చుట్టాల ఊరు, పండగ పూట, వాళ్ల కోడి, వాళ్లిష్టం. నోటికి అడ్డం పెట్టుకోవడానికి నాకు చెంగు కూడా లేదు.

బయటికి వచ్చి మోటారు సైకిలు తీసుకోబోతే, తోట కాపలావాడు చీటీ చూపించాడు. బండి నిలిపినందుకు యాభై రూపాయలు. ఇచ్చాను.

ఇంటికి వచ్చిన తరవాతే రుక్మిణీదేవి గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసిన ముచ్చట ఇంకొకటి. 1977లో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహమ్మద్‌గారు పదవిలో ఉండగానే చనిపోయారు. ప్రధాని మొరార్జీ దేశాయిగారు ఆ పదవికి నిలబడమని రుక్మిణీదేవిని అడిగారు. ఒప్పుకుని ఉంటే దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి ఆమే అయ్యేవారు; ప్రతిభా పాటిల్‌గారి దాకా, అంటే 2007 దాకా, ముప్ఫై ఏళ్లు ఆగనక్కరలేకపోయేది. ఆమె వద్దన్నారు. ఆ సంవత్సరం జూలైలో ఆ పదవి మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారికి పోటీ లేకుండా దక్కింది. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రపతి దొరకడంలో తిరువాన్మియూరు అత్తయ్య పాత్ర కూడా కొంత ఉన్నదని నేను క్లాసులో చెబితే పిల్లలు నమ్మరు. ఎందుకు వద్దన్నారని అడుగుతారు. రాష్ట్రపతి భవనంలో ఉంటే పొద్దున్నే కళాక్షేత్రం చెట్ల కింద పిల్లల ప్రార్థనకు ఎవరు వెళ్తారు? నాకు తోచిన జవాబు ఇదే.

1986 ఫిబ్రవరి 24న ఆమె పోయారు. మరి అయిదు రోజులు బతికినా పుట్టినరోజు కలిసేది కాదు. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే. మండలి మిగిలింది, చట్టం మిగిలింది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే ముందు పెట్టుకుని ఎద్దుకు కూడా బాధ లేకుండా బతికే హక్కు ఉన్నదని చెప్పింది. 2017లో తమిళనాడు శాసనసభ సవరణ చేసుకుని ఆటను తిరిగి తెచ్చుకుంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందన్నది. ఆమె పుట్టిన మదురైకి ఆనుకునే ఉన్నాయి ఆ జల్లికట్టు పేరు పొందిన ఊళ్లు. మన వైపు చూస్తే, కళాక్షేత్రంలో నాట్యం నేర్చుకున్న అమల అక్కినేనిగారు 1990ల తొలినాళ్లలో హైదరాబాదులో బ్లూక్రాస్ స్థాపించినవారిలో ఒకరు. దెబ్బ తిన్న వీధికుక్కను ఆటోలో వేసుకుని ఎవరైనా అటు వెళ్తుంటే, అత్తయ్య చుట్టరికం మన ఊరి దాకా వచ్చిందన్న మాట.

నిరుడు సెలవుల్లో చెన్నై వెళ్లినప్పుడు కళాక్షేత్రం చూడబోయాను. బయట రోడ్డు మీద కార్ల మోత. లోపలికి నాలుగడుగులు వేస్తే చెట్ల నీడ. ఒక కుటీరంలో ఆడపిల్లలు అడవులు సాధన చేస్తున్నారు. టీచరమ్మ చేతిలో కర్ర పట్టుకుని చెక్క మీద తాళం వేస్తున్నది. టక్కు టక్కుమని పెద్ద చప్పుడు. గుమ్మం పక్కనే, ఆ కర్రకు రెండు మూరల దూరంలో, ఊరకుక్క ఒకటి ముడుచుకుని పడుకుని ఉన్నది. మా ఊళ్లో కర్ర ఎత్తితే చాలు కుక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని పరుగు తీస్తుంది. ఇది చెవి కూడా కదపలేదు. క్లాసు అయిపోగానే పిల్లలు ఒక్కొక్కరే దాన్ని తొక్కకుండా పక్కనుంచి దాటుకుని వెళ్లారు.